స్నేహలతా రెడ్డి: ఒక సినిమా, ఒక జైలు

మన కాలేజీల్లో ఇండిపెండెంట్ సినిమా అనగానే చర్చంతా కెమెరా చుట్టూ తిరుగుతుంది. ఏ ఫోన్‌తో తీశారు, ఎడిటింగ్ ఎందులో చేశారు, మొత్తం ఎంత ఖర్చయింది, యూట్యూబ్‌లో పెడతారా, ఫెస్టివల్‌కి పంపిస్తారా. ఇవన్నీ అడగాల్సినవే. అయితే కెమెరా ముందు నిలబడే మనిషి గురించి మనం పెద్దగా అడగం. ఆ మనిషి తన ఒంటిని, ముఖాన్ని, పేరుని ఒక కథకి ఇస్తుంది. అది తన ఇష్టంతో ఇస్తే ఒక సంగతి, ఇంకెవరో బలవంతంగా లాక్కుంటే వేరే సంగతి. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలో ఏడేళ్ల తేడాతో జరిగాయి. ఆవిడ పేరు స్నేహలతా రెడ్డి. మన తెలుగావిడే. కన్నడంలో కొత్త తరహా సినిమాకి దారి వేసిన 'సంస్కార'లో చంద్రి వేషం వేసింది ఆవిడే. ఆ సినిమా తీసింది ఆవిడ భర్త, నెల్లూరుకి చెందిన తెలుగు కవి పఠాభి.

కన్నడ సినిమా చరిత్రలో ఈ ఇద్దరి పేర్లు గట్టిగానే ఉన్నాయి. మన దగ్గర పఠాభిని సాహిత్యం చదివేవాళ్లు గుర్తుపడతారు. స్నేహలత పేరు మాత్రం ఎమర్జెన్సీ గురించి రాసే వ్యాసాల్లో ఒక వాక్యంగా వచ్చి వెళ్లిపోతుంది. నాకు ఆ వాక్యం సరిపోలేదు. అందుకే ఇది రాస్తున్నా.

స్నేహలత 1932లో ఆంధ్రలో పుట్టారు. ఇంట్లోవాళ్లు రెండో తరం క్రైస్తవులు. బ్రిటిష్ వాళ్ల పాలన అంటే ఆవిడకి అస్సలు గిట్టేది కాదు. ఆ కోపంలో రెండు పనులు చేశారు. ఇంగ్లీషు పేరు వదిలేసి మన పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషు బట్టలు మానేసి మన దుస్తులే కట్టుకున్నారు. వినడానికి చిన్న విషయంలాగే ఉంటుంది. కానీ ఆవిడ జీవితం మొత్తానికి ఇది మొదటి మెట్టు అని నా ఉద్దేశం. నా ఒంటి మీద ఏం ఉండాలో నేనే నిర్ణయించుకుంటాను అనే పట్టుదల ఆవిడకి అప్పుడే వచ్చేసింది.

పఠాభి అసలు పేరు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. 1919లో నెల్లూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో, కలకత్తాలో చదివి, ఆ తర్వాత అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. ఇరవై ఏళ్ల వయసులోనే, 1939లో, 'ఫిడేలు రాగాల డజన్' అనే పుస్తకం వేశారు. ఆ పుస్తకంలో ఛందస్సు నియమాలని లెక్కచేయకుండా, ఇంగ్లీషు మాటల్ని తెలుగు కవిత్వంలోకి నేరుగా దించేశారు. మన తరం వాళ్లం రోజూ మాట్లాడే కలగాపులగం భాషని ఆయన అప్పుడే పద్యాల్లో పెట్టారు. పండితులకి కోపం వచ్చింది, కుర్రాళ్లకి నచ్చింది. తర్వాత మద్రాసులో కె.వి.రెడ్డి గారితో కలిసి తెలుగు సినిమాల నిర్మాణంలోకి దిగారు. 'పెళ్ళినాటి ప్రమాణాలు' (1958) ఆ రోజుల నాటిదే. అంటే ఆయనకి స్టూడియోలు, స్టార్లు, పాటలు, డిస్ట్రిబ్యూటర్లు ఉండే పెద్ద సినిమా ఎలా నడుస్తుందో బాగా తెలుసు. తెలిసే ఆ తర్వాత దాన్ని పక్కన పెట్టారు.

స్నేహలత దారి నాటకం. మద్రాసులో 'మద్రాస్ ప్లేయర్స్' అనే ఔత్సాహిక నాటక బృందం మొదలుపెట్టినవాళ్లలో ఆవిడ ఒకరు. 1960లలో వాళ్లు ఇంగ్లీషులో వేసిన నాటకాలకి మంచి పేరుంది. ఇబ్సెన్ 'పీర్ గింట్', షేక్స్‌పియర్ 'ట్వెల్త్ నైట్', టెనెసీ విలియమ్స్ 'ద నైట్ ఆఫ్ ది ఇగ్వానా' అందులో కొన్ని. ఎవరికీ జీతాలుండవు. పగలు ఉద్యోగాలు, సాయంత్రం రిహార్సల్స్. గిరీష్ కర్నాడ్ ఆ రోజుల్లో మద్రాసులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌లో పనిచేస్తూ ఈ బృందంతోనే తిరిగేవారు. ఒక ఇండిపెండెంట్ సినిమాకి ముందు ఇలాంటి అడ్డా ఒకటి ఉండాలేమో. డబ్బు తర్వాత సంగతి, ముందు ఒకరినొకరు నమ్మే పదిమంది కావాలి. 'సంస్కార'కి ఆ పదిమంది అక్కడ తయారయ్యారు.

యు.ఆర్.అనంతమూర్తి 'సంస్కార' నవల 1965లో వచ్చింది. కథ దూర్వాసపురం అనే బ్రాహ్మణ అగ్రహారంలో జరుగుతుంది. నారణప్ప అనే ఆయన ఆచారాలన్నీ వదిలేసి, మాంసం తిని, మందు తాగి, చంద్రి అనే తక్కువ కులం స్త్రీతో కలిసి బతుకుతాడు. ఒకరోజు ప్లేగు వచ్చి చచ్చిపోతాడు. ఇప్పుడు శవానికి ఎవరు సంస్కారం చేయాలి? ఆయన బ్రాహ్మడేనా, కాదా? అది తేలేదాకా అగ్రహారంలో ఎవరూ అన్నం ముట్టకూడదు. చంద్రి తన నగలన్నీ తీసి దహనం ఖర్చు కోసం ముందు పెడుతుంది. ఆ బంగారం చూడగానే అప్పటిదాకా మాకొద్దంటే మాకొద్దన్నవాళ్ల మనసులు మారిపోతాయి. పెద్దాయన ప్రాణేశాచార్యులు శాస్త్రాలన్నీ తిరగేసినా జవాబు దొరకదు. మారుతి గుడికి వెళ్లి దేవుణ్ణి అడిగితే దేవుడూ పలకడు. తిరిగి వచ్చేటప్పుడు చీకట్లో, అడవిలో ఆయనకి చంద్రి ఎదురవుతుంది. మంచం పట్టిన భార్యకి ఏళ్ల తరబడి సేవ చేస్తూ అదే తన తపస్సు అనుకున్న ఆచార్యులు ఆ రాత్రి చంద్రితో ఒకటవుతాడు. మరోపక్క ఊళ్లో ఎలుకలు చచ్చి పడుతుంటాయి, గద్దలు ఇళ్ల మీద వాలుతుంటాయి, శవం కుళ్లుతుంటుంది. చివరికి ఆ దహనం కూడా చంద్రే ఒక ముస్లిం మనిషి సాయంతో కానిచ్చేసి అక్కడి నుంచి వెళ్లిపోతుంది.

ఈ కథని సినిమాగా తీస్తానంటే 1969లో ఏ డిస్ట్రిబ్యూటర్ డబ్బు పెడతాడు? పాటల్లేవు, హీరో లేడు, ఫైట్ లేదు, మధ్యలో ఒక శవం. పఠాభి తనే పెట్టారు. బేనరు పేరు 'రామమనోహర చిత్ర'. పఠాభి, స్నేహలత ఇద్దరికీ గురువులాంటి సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా పేరది. ఖర్చు లక్ష రూపాయల లోపే. స్క్రీన్‌ప్లే రాసిందీ, ఆచార్యులుగా వేసిందీ గిరీష్ కర్నాడ్. నారణప్పగా వేసింది రచయిత పి.లంకేశ్. కెమెరా ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ కోవన్. ఎడిటింగ్ స్టీవెన్ కార్ట్‌రైట్. సంగీతం సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్. కళ చిత్రకారుడు ఎస్.జి.వాసుదేవ్. సెట్ వేయలేదు. శృంగేరి దగ్గర తుంగ ఒడ్డున వైకుంఠపుర అనే ఊరికి వెళ్లి అక్కడి ఇళ్లలో, వీధుల్లో, నది పక్కన తీశారు. బ్లాక్ అండ్ వైట్. ఈ పేర్లు చూడండి. వీళ్లలో సగం మందికి సినిమా కొత్త, మిగతా సగం మందికి కన్నడం కొత్త. తీసే ఆయన తెలుగు కవి. ఇప్పుడు మనం ఇండిపెండెంట్ అనే మాటకి చెప్పుకునే లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి. సొంత డబ్బు, సొంత మనుషులు, నిజమైన చోటు, ఎవరి పర్మిషనూ అడగని కథ.

చంద్రి వేషం గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఈ కథలో ముఖ్యంగా మూడు దేహాలున్నాయి. రోగంతో మంచాన పడ్డ ఆచార్యుల భార్య దేహం, చచ్చి కుళ్లుతున్న నారణప్ప దేహం, బతికి ఉన్న చంద్రి దేహం. అగ్రహారంలో మిగతా అందరికీ ఒళ్లంటే భయం. దేన్ని తాకితే మైలపడతామో, ఏం తింటే కులం పోతుందో అనే లెక్కలోనే వాళ్ల బతుకు గడిచిపోతుంది. ఆ భయం లేనిది చంద్రికి ఒక్కదానికే. ఆ కాలపు సినిమాల్లో ఇలాంటి పాత్ర అయితే వాంపుగా ఉండేది, లేదా చివర్లో పశ్చాత్తాపంతో చచ్చిపోయేది. ఇక్కడ చంద్రి రెండూ కాదు. ఆవిడకి సిగ్గుపడాల్సిన పని లేదు, క్షమించమని ఎవర్నీ అడగదు. ఊరు మొత్తంలో ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆవిడొక్కతే అని చూసేవాళ్లకి అర్థమవుతుంది. అప్పటికి స్నేహలతకి ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదేళ్లు ఉంటాయి. భర్త డైరెక్టరు, ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఊళ్లో నాటకాల మనిషిగా గౌరవం. ఇవన్నీ ఉన్న స్త్రీ అలాంటి పాత్రలో కెమెరా ముందు నిలబడటం 1970లో చిన్న నిర్ణయం కాదు.

మద్రాసు సెన్సార్ బోర్డు సినిమాని నిషేధించింది. ఒక వర్గం మనోభావాలు దెబ్బతింటాయని దాని భయం. వాదనలు జరిగాయి, పేపర్లలో రాతలు వచ్చాయి, చివరికి నిషేధం పోయింది. ఆ సినిమానే 1970 సంవత్సరానికి దేశంలో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం తెచ్చుకుంది. కన్నడ సినిమాకి ఆ గౌరవం రావడం అదే మొదటిసారి. ఆ తర్వాత కన్నడంలో కర్నాడ్, కారంత్, కాసరవల్లి వరసగా వచ్చారు. మన తెలంగాణ నేల మీద అలాంటి ప్రయత్నం చూడాలంటే ఆ దశాబ్దం చివర్లో వచ్చిన 'మా భూమి' దాకా ఆగాలి.

ఇక్కడ ఒళ్లు, సిగ్గు అనే విషయం మీద ఒక మాట. బట్టల్లేకుండా గాలికి, ఎండకి ఒంటిని వదిలేసి బతకడమే ఆరోగ్యం అని నమ్మేవాళ్లు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. జర్మనీలో అది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక ఉద్యమంగా మొదలైంది. మన దేశంలో 1891లో బొంబాయి దగ్గర ఠాణేలో ఒక ఇంగ్లీషు జడ్జి అలాంటి సంఘం పెట్టాడు. సభ్యులు ముగ్గురే. అంతకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందే కన్నడ దేశంలో అక్క మహాదేవి బట్టలు వదిలేసి, జుట్టే వస్త్రంగా శ్రీశైలం దాకా నడిచొచ్చిందని చెప్పుకుంటాం. ఆవిడ పేరుతో ఉన్న గుహలు ఇప్పటికీ కృష్ణ ఒడ్డున ఉన్నాయి. 'సంస్కార' నవల వచ్చిన 1965లోనే హైదరాబాద్‌లో మన కవులు ఆరుగురు దిగంబర కవులని పేరు పెట్టుకుని వ్యవస్థ బట్టలిప్పుతామని బయల్దేరారు. వీళ్లెవరికీ ఒకరితో ఒకరికి పోలిక లేదు. జడ్జికి ఆరోగ్యం కావాలి, అక్కకి మల్లికార్జునుడు కావాలి, కవులకి కోపం చూపించాలి. అందరిలో ఉన్నది మాత్రం ఒకటే. వదిలేయాలని నిర్ణయించుకున్నది వాళ్లే. స్నేహలత చిన్నప్పుడు గౌన్లు వదిలేసి చీర కట్టుకోవడం పైకి దీనికి పూర్తిగా వ్యతిరేకంలా కనిపిస్తుంది. లోపల చూస్తే అదీ ఇదీ ఒకటే. ఒంటి మీద బట్ట ఉంచుకోవాలా తీసేయాలా అన్నది ఆ ఒళ్లున్న మనిషి ఇష్టం. ఆ ఇష్టాన్ని తీసేస్తే ఏమవుతుందో ఆవిడ జైల్లో చూశారు.

అక్కడికి ఎలా వెళ్లారో చెప్పాలంటే కాజీపేట లాంటి రైల్వే ఊళ్లకి బాగా తెలిసిన ఒక సంగతితో మొదలుపెట్టాలి. 1974 మే నెలలో దేశమంతా రైళ్లు ఆగిపోయాయి. జీతాలు, బోనస్, పని గంటల కోసం లక్షల మంది రైల్వే కార్మికులు మే 8 నుంచి 27 దాకా సమ్మె చేశారు. ప్రభుత్వం వేలమందిని జైల్లో పెట్టింది, క్వార్టర్లు ఖాళీ చేయించింది. మా ఊరి స్టేషన్ జంక్షన్, లోకో షెడ్డు ఉన్న చోటు. ఇలాంటి ఊళ్లలో పాత తరం వాళ్లని కదిలిస్తే ఆ ఇరవై రోజుల కథలు ఇప్పటికీ వస్తాయి. ఆ సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. లోహియా శిష్యుడు, బెంగళూరులో చదువుకున్నవాడు, పఠాభి దంపతులకి దగ్గరి స్నేహితుడు. అప్పటికి వీళ్ల కుటుంబం బెంగళూరులో ఉంటోంది.

1975 జూన్ 25 రాత్రి ఇందిరా గాంధీ ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టింది. ప్రతిపక్ష నాయకులందరినీ తెల్లారేలోపు పట్టుకుపోయారు. జార్జి దొరకలేదు. వేషాలు మార్చుకుంటూ దేశమంతా తిరిగాడు. ప్రజలకి ప్రమాదం లేకుండా వంతెనలు, పట్టాలు పేల్చి ప్రభుత్వాన్ని కదిలించాలని ఆయన బృందం ప్రయత్నించిందనేది ఆరోపణ. బరోడా డైనమైట్ కేసు అంటే అదే. జార్జి ఎక్కడున్నాడో చెప్పమని పోలీసులు ఆయన తెలిసిన ప్రతి ఒక్కరి మీదా పడ్డారు. ఆయన తమ్ముడు లారెన్స్‌ని బెంగళూరులో పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. 1976 మే 2న స్నేహలతని అరెస్టు చేశారు.

ఇక్కడ ఒక తేదీ గమనించండి. సరిగ్గా నాలుగు రోజుల ముందు, 1976 ఏప్రిల్ 28న, సుప్రీంకోర్టు జబల్పూర్ కేసులో తీర్పు చెప్పింది. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం, నన్ను అన్యాయంగా నిర్బంధించారు అని ఏ పౌరుడూ కోర్టుకి రాలేడని నలుగురు జడ్జీలు తేల్చారు. ఒక్క హెచ్.ఆర్.ఖన్నా ఒప్పుకోలేదు. అంటే స్నేహలత జైలుకి వెళ్లేసరికి ఆ తలుపు అప్పుడే మూసేశారు. చివరికి బరోడా కేసు ఛార్జిషీటు వేసినప్పుడు జార్జితో పాటు ఇంకా ఇరవై నాలుగు పేర్లున్నాయి. స్నేహలత పేరు లేదు. అయినా వదల్లేదు. విచారణ లేకుండా ఎంతకాలమైనా ఉంచే మీసా చట్టం కింద అలాగే ఉంచారు. నేరం చేసిందని ఏ కోర్టూ చెప్పని మనిషి ఎనిమిది నెలలు బెంగళూరు సెంట్రల్ జైల్లో ఉన్నారు.

ఆవిడకి ఆస్తమా ఉండేది, చాలా ఏళ్లుగా. ఆస్తమాలో ఊపిరితిత్తుల్లోకి గాలి తీసుకెళ్లే గొట్టాలు వాచి సన్నబడతాయి. పీల్చిన గాలిని బయటికి వదలడమే కష్టమవుతుంది. దుమ్ము, తేమ, పొగ, చలి, భయం, వీటిలో ఏదైనా సరే దాన్ని రేపుతుంది. రోజూ మందు వాడుతూ, గాలి తగిలే చోట ఉంటూ, ఎటాక్ వచ్చినప్పుడు వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లగలిగితే ఆ జబ్బుతో ముసలితనం దాకా బతకొచ్చు. జైల్లో ఈ మూడూ లేవు. ఒక్కరు పట్టే చిన్న గది. మరుగుదొడ్డికి బదులు నేలలో ఒక కన్నం. తోడు ఎవరూ ఉండరు. మందు అందితే అందినట్టు, లేకపోతే లేదు. స్పృహ తప్పే దాకా వెళ్లిన సందర్భాలున్నాయి. అదే జైల్లో ఇంకో వైపు ఉన్న సోషలిస్టు నాయకుడు మధు దండవతే, రాత్రుళ్లు నిశ్శబ్దంలో స్నేహలత కేకలు తన గదిలోకి వినిపించేవని తర్వాత రాశారు.

ఆవిడ జైల్లో డైరీ రాశారు. ఇంగ్లీషులో రాసినదే, చనిపోయాక 1977లో పుస్తకంగా వేశారు. చిన్న పుస్తకం. ఇంగ్లీష్ మీడియం చదువు కాబట్టి నాకు 'ఫిడేలు రాగాల డజన్' కంటే ఇదే తొందరగా చదవడం అయింది. చదవడం తేలికే, తట్టుకోవడం కష్టం. అందులో నన్ను ఆపేసిన చోటు ఒకటుంది. కొత్తగా జైలుకి వచ్చే ప్రతి ఆడ ఖైదీని లోపలికి తీసుకోగానే అందరి ముందూ బట్టలు విప్పించేవాళ్లు. శిక్ష పడటమే ఆ మనిషికి చాలదా, ఒంటిని కూడా ఎందుకు అవమానించాలి అని ఆవిడ బాధ. ఇది రాసింది ఒళ్లంటే సిగ్గుపడే మనిషి కాదని గుర్తుపెట్టుకోండి. చంద్రి వేషం వేసిన మనిషి. బట్టల్లేకపోవడం ఆవిడ దృష్టిలో అవమానం కాదు. ఇష్టం లేకుండా విప్పించడం అవమానం. జైల్లో పరీక్ష కోసం అంటూ రోజూ జరిగే పనిని ఆవిడ దాని అసలు పేరుతో చూశారు.

చూసి ఊరుకోలేదు కూడా. దొంగతనం కేసుల్లో, వ్యభిచారం కేసుల్లో వచ్చిన పేద ఆడవాళ్లు ఆ జైల్లో ఎక్కువ. వాళ్లని కొట్టడం మామూలు. స్నేహలత నిరాహార దీక్ష చేశారు. కొట్టడం ఆగింది, తిండి కాస్త బాగుపడింది. వాళ్లకి పాటలు నేర్పారు, ఆటలు ఆడించారు, నాటకం మనిషి కదా, చిన్న చిన్న నాటకాలు వేయించారు. ఊపిరి సరిగ్గా అందని మనిషి మిగతావాళ్ల చేత పాడించడం గురించి ఆలోచిస్తే నాకు నోట మాట రాదు. మద్రాస్ ప్లేయర్స్‌లో ఆవిడ చేసిన పనే ఇది. స్టేజీ మారింది, అంతే.

కుటుంబం ఎన్నో అర్జీలు పెట్టింది. ఇక బతకదు అని తేలాక, 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. ఐదు రోజులకి, జనవరి 20న, ఆవిడ చనిపోయారు. మధ్యలో జనవరి 18న ప్రధానమంత్రి ఎన్నికలు ప్రకటించారు. ఆ వార్త వచ్చిన రెండో రోజే ఆవిడ లేరు. వయసు నలభై నాలుగో, నలభై ఐదో. మార్చిలో ఎన్నికలు జరిగి ప్రభుత్వం ఓడిపోయింది. జార్జి ఫెర్నాండెజ్ జైల్లోంచే ముజఫర్‌పూర్‌లో గెలిచి మంత్రి అయ్యాడు. బరోడా కేసు ఎత్తేశారు. అసలు ముద్దాయి మంత్రి అయ్యాడు, ఛార్జిషీటులో పేరే లేని మనిషి ప్రాణం పోయింది.

పఠాభి ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు బతికారు. 'చండమారుత', 'శృంగార మాస', 'దేవర కాడు' తీశారు. మూడోదాని పేరుకి దేవుడి అడవి అని అర్థం. తెలుగు కవి తీసిన ఈ సినిమాలన్నీ కన్నడంలోనే ఉన్నాయి. 2006లో బెంగళూరులో చనిపోయారు. ఆ పాత సెంట్రల్ జైలుని ఇప్పుడు ఫ్రీడమ్ పార్క్ అంటున్నారు. గోడలు కొన్ని ఉంచి మిగతాది పార్కు చేశారు. నగరంలో ధర్నాలు చేసుకునేవాళ్లు ఇప్పుడు అక్కడికే వెళతారు.

కంప్యూటర్ సైన్స్ చదివే నాకు ఈ కథ ఇంకో వైపు నుంచి కూడా తగిలింది. డేటా ప్రైవసీ గురించి మాట్లాడేటప్పుడు అందరూ 2017 ఆగస్టు 24 నాటి పుట్టస్వామి తీర్పుని చెప్తారు. ఆధార్ మీద మొదలైన కేసు. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాటగా చెప్పిన తీర్పు అది. మన ఫోన్ నంబరు, వేలిముద్రలు, లొకేషన్ వరకే దాన్ని మనం గుర్తుపెట్టుకుంటాం. కానీ ఆ తీర్పులో మనిషికి తన ఒంటి మీద ఉండే హక్కు కూడా ఉంది. 1976 నాటి జబల్పూర్ తీర్పు తప్పని కొట్టేసింది కూడా ఆ తీర్పులోనే. ఈలోగా 1978లో రాజ్యాంగం 44వ సవరణ వచ్చింది. ఎమర్జెన్సీ పెట్టినా సరే, ప్రాణానికీ స్వేచ్ఛకీ ఉన్న హక్కుని ఆపకూడదని అది చెప్తుంది. స్నేహలత జైల్లోకి వెళ్లినప్పుడు మూసుకున్న తలుపుకి పార్లమెంటు రెండు, మూడేళ్లలో గడియ తీసింది. ఆ తీర్పుని పేరు పెట్టి తప్పని చెప్పడానికి సుప్రీంకోర్టుకి నలభై ఒక్క ఏళ్లు పట్టింది.

మేము రాసే ప్రతి యాప్‌లో కన్సెంట్ అనే బటన్ ఒకటి పెడతాం. ఎవరూ చదవకుండా నొక్కేసే బటన్ అది. దాని వెనక ఉన్న మాట సమ్మతి. షార్ట్ ఫిల్మ్ తీసేటప్పుడు ఫ్రెండ్‌ని ఇలా నిలబడు, అలా ఏడువు అని చెప్పే మనకి ఆ మాట కెమెరా కంటే ముందు తెలియాలి. స్నేహలత చంద్రిగా నిలబడ్డ షాట్‌కీ, జైలు గేటు దగ్గర నిలబెట్టిన ఆడవాళ్లకీ మధ్య తేడా ఆ ఒక్క మాటే.

'సంస్కార' చూడని వాళ్లు ఒకసారి చూడండి. సబ్‌టైటిల్స్‌తో దొరుకుతుంది, దాదాపు రెండు గంటలు. నెమ్మదిగా ఉందని మొదటి ఇరవై నిమిషాల్లో ఆపేయొద్దు. చంద్రి వచ్చి నగలు తీసి పెట్టే చోటు దాకా ఆగండి. ఆ తర్వాత మీకే ఆపాలనిపించదు.